హోనొలులు ఆసుపత్రిలో ఆంటీ

1980లలో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి హవాయి చూడడానికి వెళ్తే, అక్కడ మా ఆయనకు గుండెనొప్పి వచ్చి హోనొలులు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఒక సేవాసంస్థ తరఫున జపాన్ సంతతి పెద్దావిడ రోజూ వచ్చి, జీతం లేకుండా రోగుల పక్కన కూర్చునేది. మన పిల్లల్లాగే అక్కడి నర్సులూ ఆవిడను ‘ఆంటీ’ అనేవారు. నాతో ముక్తసరిగా మాట్లాడే మా ఆయన, ఆవిడ రాగానే గంటసేపు కబుర్లు చెప్పేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

మూడోరోజు ఆవిడను వరండాలో ఆపి అడిగాను. “మీతో అంతసేపు ఏం చెబుతున్నారు?”

“భయంగా ఉందని. నీకు చెబితే ఏడుస్తావట. మా సంస్థలో మాకు నేర్పేది ఊరికే వినడమే. నువ్వూ కూర్చుని విను” అంది.

లోపలికెళ్లి కూర్చున్నాను. ధైర్యం చెప్పబోయి ఆగాను. చాలాసేపటికి ఆయనే, “సుశీలా, నాకు భయమేస్తోందే” అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. అయినా ఆయన చెప్పడం ఆపలేదు.