మందు అన్నమాట

నా చిన్నప్పుడు నాకు మరాఠీ వచ్చని మహా మిడిసిపాటు. మహారాష్ట్ర అంచున ఉన్న మా అంకిస వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పెద్దవాళ్లు బడి ముఖం చూడలేదు కనుక ఆఫీసు కాగితం ఏదొచ్చినా మా గుమ్మం ముందుకే తెచ్చేవారు. ఏడో తరగతి పిల్లనే అయినా కలెక్టరమ్మలా నడిచేదాన్ని.

ఎనభైలలో ఒక ఎండాకాలం, గోదావరి సన్నబడి ఒడ్డున మడుగులు మిగిలినప్పుడు, ఎవరో చేపలు సులువుగా పట్టుకుందామని మడుగులో పురుగుల మందు పోసిపోయారు. ఆ నీళ్లు తాగిన పిల్లలు వాంతులతో పడిపోయారు. మా పెద్దమ్మ మనవడైతే మెడ కూడా నిలపలేకపోయాడు. డాక్టరు కావాలంటే పడవెక్కి ఏరు దాటాలి, దాటినా ఆ వైద్యం భరించగల ఇల్లు మా వాడలో లేదు. తాలూకా అధికారి జీపులో వచ్చాడని తెలియగానే, పెద్దమ్మ మనవడిని భుజాన వేసుకుని, ఆడవాళ్లందరినీ కూడగట్టుకుని బయలుదేరింది. ఆమె మాటలను మరాఠీలో చెప్పే పని నాది.

"సాబ్, మా మడుగుల మందు పోసిండ్రు. పోరగాండ్లకు కక్కుడు పట్టుకున్నది. పోసినోళ్లను ఆపుండ్రి, డాక్టర్ను తోలుండ్రి, ఫుకట్ల మందులియ్యుండ్రి" అంది పెద్దమ్మ.

మా దగ్గర జ్వరానికి మింగేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే. నేను ఆలోచించనైనా లేదు. "పాణ్యాత్ ఔషధ్ టాక్లే" అని గడగడా అనేశాను. నీళ్లలో ఔషధం వేశారని!

నేను పిల్లల వాంతుల దాకా వచ్చేసరికే అధికారి ముఖం విప్పారింది. నీళ్లు బాగుచేసే మందు పడింది కదా, ఇక వాంతులు అవే తగ్గుతాయన్నాడు. ఫిర్యాదు రాసుకోబోయిన వహీ మూసేసి, మరాఠీ చక్కగా మాట్లాడావంటూ నా వీపు తట్టాడు.

తప్పు చెప్పానని అప్పుడే తెలిసింది. విషం అనాలి. ఆ మాట మరాఠీలోనూ విషమే, నాకు రానిదేమీ కాదు. కానీ మెచ్చుకున్న మనిషి ముందు తప్పు ఒప్పుకోవడానికి నోరు పెగల్లేదు. పక్కనే పసివాడు మూలుగుతున్నాడు. ఛీ, అయినా ఊరుకున్నాను.

భాష రాకపోయినా, మూసిన వహీ చూసి పని చెడిందని పెద్దమ్మ పసిగట్టింది. చూపించడానికి తెచ్చిన మడుగు నీళ్ల చెంబును రెండు చేతులా మర్యాదగా అందించింది. ఎండన పడి వచ్చిన మనిషి, తాగబోయాడు. పెదవికి తగిలేలోపే చెంబు లాగేసుకుంది.

"జర ఆగు సాబ్! నీకైతె నేను అడ్డమొచ్చిన. మా పోరగాండ్లకు ఎవలు అడ్డమొస్తరు?" అంటూ కొంగున కట్టి తెచ్చిన చచ్చిన చేపను ఆయన ముందు పెట్టింది.

ఆయన నిర్ఘాంతపోయి నా వైపు చూశాడు. అప్పుడు వచ్చింది నా నోట విషమన్న మాట.

సాయంత్రానికి అదే జీపులో డాక్టరు వచ్చి ఉచితంగా మందులిచ్చాడు. మడుగుకు కాపలా పెట్టారు. నాలుగు రోజులకు పిల్లవాడు లేచి కూర్చున్నాడు.

ఆ రోజు ఇంటికి తిరిగొచ్చే దారిలో పెద్దమ్మ ఒకటే అడిగింది. "తెలిసే ఊకున్నవా బిడ్డా, తెల్వకనా?"

"తెల్వకనే" అన్నాను.

వాడలో ఎవరైనా నన్ను ఆడిపోసుకుంటే ఆమె విరుచుకుపడేది. "చిన్నపిల్ల, తెల్వక అన్నది. ఇగ చాలించుండ్రి!" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇప్పటికీ ఎవరి తరఫున ఎక్కడ మాట్లాడినా, మాట తప్పుగా పడిందనిపిస్తే అక్కడికక్కడే "ఆగండి, నేను తప్పు చెప్పాను" అంటాను. ఎంతమంది నవ్వినా సరే, అంటాను. పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ ఆమెకు మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను.