చప్పిడి పప్పు, చెరువుగట్టు డ్రమ్ము

బీపీ ఎక్కువై ఆస్పత్రిలో ఉండి వచ్చిన మావయ్యగారికి డాక్టరు ఉప్పు మాన్పించమన్నారు. ఆయన వంట నా వంతు. విడిగా చిన్న గిన్నెలో, చిటికెడు ఉప్పయినా వేయకుండా పప్పు వండేదాన్ని. ఆయనేమో లొట్టలేస్తూ, "అమ్మాయ్, ఉప్పు లేకపోయినా నీ పప్పు అదిరిందే!" అనేవారు. బీపీ మాత్రం దిగలేదు. మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తుందేమోనని ఇంటిల్లిపాదికీ భయం.

అత్తయ్యగారి అనుమానం నా మీదే. "జాలిపడి దొంగచాటుగా వేస్తున్నావు కదూ?" అంటూ ఉప్పు డబ్బా పట్టుకెళ్లి తన బీరువాలో పెట్టి తాళం వేశారు. మా కూరల్లోకి తనే తెచ్చి వేసేవారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వేసవిలో మా కోడూరులో కరెంటు రోజూ పోయేది, నీళ్ల మోటారు ఆడేది కాదు. ఒకరోజు డాబా మీద ట్యాంకు ఖాళీ అయిందన్నారు మావారు. వంటింట్లో చూస్తే కుళాయి ధారగా వస్తోంది! పరుగున డాబా ఎక్కాను. ట్యాంకు అడుగున నాచు తప్ప చుక్క లేదు. కిందికొచ్చి కుళాయి నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పన! తాగడానికి మాకు టిన్ను నీళ్లు, వంటకే కుళాయి నీళ్లు. ఇన్నాళ్లూ ఎవరూ రుచి చూడలేదు.

ట్యాంకు పైపు ఇంటి దగ్గర చీలి ఒక పాయ వంటింటికి, ఒక పాయ రొయ్యల చెరువుగట్టు మీది షెడ్డుకు వెళ్తుంది. కుళాయి అలాగే వదిలేసి గట్టెక్కాను. షెడ్డులో చెరువుకు చల్లే గళ్ల ఉప్పు, మినరల్ పొడి నానే డ్రమ్ములో నీళ్లు నా కళ్ల ముందే దిగిపోతున్నాయి. కర్రతో కలిపే పని తప్పుతుందని మావారు పైపు చివర డ్రమ్ము అడుగుదాకా దించేవారు. ఉరవడికి పొడి అదే కలిసిపోయేది. ట్యాంకు ఖాళీ కాగానే, ఎత్తు మీదున్న ఆ ఉప్పునీళ్లు అదే పైపులో వెనక్కి నా పప్పు గిన్నెలోకి!

"ఏవండీ! దొంగ దొరికాడు!" అని గట్టు మీదనుంచే కేక పెట్టాను.

ఆ సాయంత్రమే మావారు షెడ్డు పైపుకు నాన్ రిటర్న్ వాల్వు బిగించారు. దాని మీది బాణం గుర్తు షెడ్డు వైపే ఉందో లేదో నేను దగ్గరుండి చూశాను. నీళ్లు అటే పోవాలి, ఇటు రాకూడదు. అంతటితో ఊరుకోక పైపు చివరను డ్రమ్ము అంచుకు జానెడు పైన కట్టించాను. ట్యాంకు, పైపులు కడిగించాక ట్యాంకు వాల్వు మూసి వంటింటి కుళాయి తిప్పితే, పైపులో మిగిలిన నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. నీళ్లు రాని కుళాయిని చూసి చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నేనేమో.

మర్నాడు మావయ్యగారు పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మొహం ముడిచారు.

"ఇదేంటమ్మాయ్, ఇవాళ ఇంత చప్పగా ఏడ్చింది?"

నాకు నవ్వాగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. అత్తయ్యగారు లేచి, బీరువా తెరిచి, ఉప్పు డబ్బా తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టారు.