ఎర్రన్న వేలిముద్ర

నలభై తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. రెండు అబద్ధాలు, ఒక మౌనం. మొదటి అబద్ధం గురించి నాకు పెద్దగా సిగ్గు లేదు, ఆ సంగతి ముందే చెబుతాను. రెండోదీ, దాని వెనక వచ్చిన మౌనమూ, ఇవి బరువు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పలేకనే కదా ఇన్నేళ్లు గడిచాయి.

నేను లెక్కల టీచర్ని. అండమాన్ దీవుల్లో, మాయాబందర్‌లో ఒక హైస్కూల్లో ముప్పై రెండేళ్లు పనిచేశాను. ఇప్పుడు నాకు ఎనభై. తారీఖులు రాసిపెట్టుకునే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది, అందుకని ఈ విషయంలో మరపు అనే సాకు కూడా నాకు లేదు.

1974 జూన్‌లో మా బడికి ఒక రేకుల షెడ్డు వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు పాఠాలతోపాటు ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలన్నారు. కుట్టుపని, వడ్రంగం, పడవ ఇంజిన్ల పని. మూడింట్లో ఇంజిన్ల విభాగం నాకు ప్రాణం. అప్పుడప్పుడే ఒడ్డున ఉన్న డుంగీలకు, అంటే మా చిన్న చేపల పడవలకు, డీజిల్ ఇంజిన్లు బిగిస్తున్నారు. బిగించేవాళ్లు ఉన్నారు గాని బాగుచేసేవాళ్లు లేరు. ఇంజిను ఆగితే పోర్ట్ బ్లెయిర్‌నుంచి మనిషి రావాలి, అతను రావాలంటే ఓడ రావాలి. మా పిల్లలు పదకొండో తరగతి దాటేసరికి చేతిలో ఒక పని ఉండాలని నా పట్టుదల.

షరతు ఒకటే. పన్నెండు మంది చేరితేనే విభాగం తెరుస్తారు. చేరింది పదకొండు మంది. అందరూ మగపిల్లలు.

పన్నెండో పేరు నా ఎదురుగానే ఉంది. నూకరత్నం. లెక్కల్లో నూటికి తొంభై మూడు. బడిలో చేతిపంపు పాడైతే ప్యూన్ కంటే ముందు ఆ పిల్ల విప్పేది. ఇంజిను పని నేర్చుకుంటావా అని అడిగితే, నాన్న ఒప్పుకుంటే చాలు టీచర్, మీరే అడగండి, మీరు చెబితే వింటాడు అంది. ఆడపిల్లలకు తండ్రి సంతకం తప్పనిసరి.

ఆమె తండ్రి ఎర్రన్న. శ్రీకాకుళం తీరంనుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి. వాళ్లలో ఆడవాళ్లు పడవెక్కరు. ఎక్కితే వల పడదని నమ్మకం. ఆడవాళ్లు ఒడ్డున నిలబడి తట్టలు అందుకుంటారు, చేపలు అమ్ముతారు, సంసారమంతా నడుపుతారు, పడవ అంచుమీద మాత్రం కాలు పెట్టరు. పడవెక్కకుండా పడవ ఇంజిను బాగుచేయడం ఎలా? ఎర్రన్న ఒప్పుకోడని నాకు తెలుసు. కుట్టుపని అయితే సరేనని అప్పటికే అన్నాడు కూడా.

ఇంకో సంగతి మీకు తెలియాలి. ఆ ఒడ్డున ఉన్న కుటుంబాలకు వచ్చే ఉత్తరాలు, రేషన్ కాగితాలు, ఆఫీసు నోటీసులు, అన్నీ నేనే చదివి పెట్టేదాన్ని. కాగితాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండేవి, నేను తెలుగులో చెప్పేదాన్ని. ఎనిమిదేళ్లలో ఒక్క మాట ఎక్కువ చదవలేదు, తక్కువ చదవలేదు. టీచరమ్మ చదివిందంటే అది అంతే అనేవాళ్లు. ఎర్రన్న తల్లి పోయిన ఉత్తరం కూడా నేనే చదివాను. అంత నమ్మకం.

ఆ నమ్మకాన్ని జూలై నాలుగో తారీఖు పొద్దున వాడుకున్నాను.

మర్నాడు ఓడలో కాగితాలు వెళ్లిపోవాలి. ఎర్రన్న డుంగీని నీళ్లలోకి తోస్తున్నాడు. నేను సంచీలోంచి కాగితం, సిరా దిండు తీశాను.

"ఏటి టీచరమ్మా, గుంట కుట్టు కాయితమేనా?" అన్నాడు. "బేగి సదివీ. ఆటు తీసీస్తంది."

నేను చదివాను. నా కుమార్తె నూకరత్నం కుట్టుపని నేర్చుకోవడానికి సమ్మతిస్తున్నాను. కాగితంలో ఉన్నది కుట్టుపని కాదు. ఎర్రన్న తడి చేతిని లుంగీకి తుడుచుకుని బొటనవేలు అద్ది నొక్కాడు. ముద్ర చక్కగా పడింది, గీతలన్నీ కనిపించాయి. ఠీక్ హై అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల కోసం చేశానా, పన్నెండు కోసం చేశానా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. పన్నెండు మంది మగపిల్లలు దొరికి ఉంటే ఆ పొద్దున ఒడ్డుకు వెళ్లేదాన్నా? వెళ్లేదాన్నని చెప్పాలని ఉంది. చెప్పలేను.

బడికి వెళ్లి నూకరత్నంతో, మీ నాన్న ముద్ర వేశాడు అన్నాను. ఆ పిల్ల మొహం చూడాలి. ఇంట్లో ఈ మాట మళ్లీ ఎత్తకు, కదిపితే మనసు మార్చుకుంటాడు అని కూడా చెప్పాను. మొదట్లో రెండు అబద్ధాలు అన్నాను కదా. రాస్తుంటే మూడని తేలింది. సవరించుకుంటున్నాను.

ఆగస్టు తొమ్మిదిన ఎర్రన్న బడికి వచ్చాడు. కూతురు షెడ్డులో ఇంజిను విప్పుతోందని ఎవరో చెప్పారు. ఇంట్లో అడిగితే, నువ్వే కదా నాన్నా ముద్ర వేశావు అందట. వరండాలో నా ఎదురుగా చెప్పులు విప్పి నిలబడ్డాడు. కోపం లేదు ఆ మనిషిలో. అర్థంకాని బాధ.

"టీచరమ్మా, నువ్వు సదివింది కుట్టు కాయితమే గదా? నానిన్నది అదే గదా?"

అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? మహా అయితే నన్ను తిట్టి కూతుర్ని తీసుకుపోయేవాడు. విభాగం మూతపడేది. నా ఉద్యోగం పోయినా పోయేది. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క కట్టాను, నా బుర్ర అలాంటిది, ఆ లెక్కలో ఆ పిల్ల పరువు అనే అంకె వేసుకోవడం మాత్రం మరిచిపోయాను. మరిచిపోయానా? వేసుకోలేదా?

"నేను కుట్టు కాగితమే చదివాను ఎర్రన్నా. తర్వాత కాగితం ఎలా మారిందో నాకు తెలియదు."

వంగి చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే గుంటే మార్చీసింది," అన్నాడు. "ముద్ర నాది. ముద్రేసినాక ఎనక్కి తీసుకోడం మా ఇంటా వొంటా నేదు. సదూకోనీ. మాట మాత్రం మానీసినాను."

మానేశాడు. ఒకే ఇంట్లో, ఒకే వసారాలో ఆ ఇద్దరూ తొమ్మిది వందల నలభై ఆరు రోజులు మాట్లాడుకోలేదు. ఏదైనా కావాలంటే తల్లి మధ్యలో చెప్పేది. పిల్ల ఏమనుకుందో తెలుసా? నాన్న తెలిసే ముద్ర వేశాడు, ఇప్పుడు కులపోళ్లు ఎత్తిపొడుస్తున్నారని వేయలేదంటున్నాడు, పిరికివాడు, అబద్ధాలకోరు. తండ్రి ఏమనుకున్నాడో మీకు తెలుసు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ ఎదుటివాళ్లను అబద్ధాలకోరు అనుకున్నారు. అబద్ధం ఆడినదాన్ని ఇద్దరూ టీచరమ్మా అని గౌరవంగా పిలిచేవాళ్లు, పండగకు ఎండుచేపలు పంపేవాళ్లు. నేను తిన్నాను.

కాని ఆ పిల్ల పని చూస్తే! ఇక్కడ నేను దాచుకోను, ఇప్పటికీ ఒళ్లు పొంగుతుంది. మొదటి ఏడాది పరీక్షలో పన్నెండు మందిలో మూడో స్థానం. రెండో ఏడాది మొదటి స్థానం, రెండో వాడికంటే పంతొమ్మిది మార్కులు ఎక్కువ. మొదట్లో దర్జీ దీదీ అని ఏడిపించిన మగపిల్లలే ఇంజిను మొండికేస్తే ఆమెకోసం వెతికేవాళ్లు. శబ్దం వినే చెప్పేది ఎక్కడ తప్పుందో.

1977 మార్చి పన్నెండు. పొద్దున ఏడున్నర. ఎర్రన్న డుంగీ ఒడ్డునే ఆగిపోయింది. ఐసు ఎక్కించారు, మిగతా పడవలు వెళ్లిపోయాయి. ముందు రోజు డీజిల్ పూర్తిగా అయిపోయి, గొట్టంలోకి గాలి దూరింది. మళ్లీ డీజిల్ పోసినా, ఎంత తిప్పినా పలకదు. మెకానిక్ ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ పోయాడు. ఐసు కరుగుతోంది. నేను బడికి వెళుతూ ఆగాను.

నూకరత్నం స్పానర్ పట్టుకుని వచ్చింది. వచ్చి మోకాలి లోతు నీళ్లలో, పడవ పక్కనే ఆగిపోయింది. ఎక్కలేదు. అడగలేదు. ఒడ్డున పదిహేనుమందైనా ఉన్నారు. ముసలి జాలరి ఒకాయన, ఎక్కించు ఎర్రన్నా, గాలి తీయడం కుట్టుమిషనుకి రాదు గదా అని నవ్వాడు. ఎర్రన్న కూతురికేసి చూశాడు. ఐసుకేసి చూశాడు.

"ఎక్కు," అన్నాడు.

తొమ్మిది వందల నలభై ఆరు రోజుల తర్వాత ఒక్క మాట.

ఎక్కింది. గొట్టం మీద నట్టు కాస్త వదులుచేసింది. నురగ నురగగా డీజిల్ వచ్చింది. బుడగలు ఆగేదాకా ఓపిగ్గా పంపు కొట్టి నట్టు బిగించింది. నాన్నా, హ్యాండిల్ తిప్పు అంది. ఎర్రన్న తిప్పాడు. రెండోసారికి ఇంజిను అందుకుంది. ఒడ్డంతా ఆ చప్పుడు. నేను అక్కడే ఏడ్చాను, ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం మళ్లీ వెళ్లి తట్టలు లెక్కపెట్టాను. ఆరు. ముందు రోజూ ఆరే. ఆడపిల్ల ఎక్కినందుకు వల ఎండిపోలేదు, పొంగిపొర్లనూ లేదు. చేపకు ఆ పట్టింపు లేదు.

ఆ తర్వాత నూకరత్నం జెట్టీ దగ్గర వర్క్‌షాపులో చేరింది. పదకొండేళ్లకు మా షెడ్డుకే ఇన్‌స్ట్రక్టరుగా వచ్చింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలు నూట పన్నెండు మంది. పేర్లన్నీ నా దగ్గరున్నాయి. వాళ్లలో ఏడుగురు సొంత వర్క్‌షాపులు పెట్టారు. ఇంజిన్లలో మునిగిన ఆ చేతులు చూసినప్పుడల్లా, ఆ జూలై పొద్దున మళ్లీ వస్తే మళ్లీ అదే చదువుతానని అనిపిస్తుంది. తప్పే. అయినా చదువుతాను. ఇందులో నేను మారలేదు.

ఆగస్టు తొమ్మిది సంగతి వేరు.

తండ్రీకూతుళ్లు కలిశారు కదా, ఇంక చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఎర్రన్న నాతో ఒకసారి అన్నాడు, గుంట కాయితం మార్చినా మంచి పనే నేర్సింది, ఒగ్గీసినాను అని. నూకరత్నం ఇంకోసారి అంది, నాన్న మాట తప్పినా చివరికి ఎక్కించాడు, మనసులో పెట్టుకోలేదు టీచర్ అని. నన్ను క్షమించవలసిన ఆ ఇద్దరూ ఒకరినొకరు క్షమించేసుకున్నారు, లేని తప్పులకు. నేను పక్కన నిలబడి తల ఊపాను. 1998లో ఎర్రన్న పోయాడు. అప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల ఆ నూట పన్నెండు మందిలో చాలామంది కలిసి నూకరత్నానికి సన్మానం చేశారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మైకు పట్టుకుని ఆమె తన కథ చెప్పింది. మా నాన్న బొటనవేలు మహా గట్టిది, ముద్ర వేసి మరీ వేయలేదనేవాడు అంది. ప్రేమగానే అంది. హాలంతా నవ్వింది. పక్కనున్న అమ్మాయి నా చెయ్యి తట్టి నవ్వింది.

ఎనభై ఏళ్ల వయసులో నాకు అప్పుడు తెలిసింది, ఆ మౌనం ఇంకా పనిచేస్తూనే ఉందని. తెలియక వేసిన ముద్రకు కూడా కట్టుబడిన మనిషి, మాట తప్పినవాడిగా మిగిలిపోయాడు. ఆ అమ్మాయిలు తమ పిల్లలకు ఇదే కథ చెబుతారు.

ఆ పూట ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. ఇది పదకొండోసారి తిరగరాసిన ప్రతి. ఎవరో తెలియని మీకు చెబుతున్నట్టు రాస్తేగాని కలం కదల్లేదు, కాని రేపు పదిన్నరకు నూకరత్నం వస్తానంది, ఇది తన చేతికే ఇస్తాను. బడిలో హిందీలో చదువుకున్న పిల్ల, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, గంట పట్టినా పట్టనీ. తర్వాత తను నన్ను టీచర్ అని పిలుస్తుందో లేదో తెలియదు. ఆ జవాబుతో నాకు పని లేదని అనడం లేదు. ఉంది. కాని దానికోసం రాయలేదు.

1974 జూలై నాలుగున ఎర్రన్నకు కాగితం తప్పుగా చదివింది నేను. ఆగస్టు తొమ్మిదిన ఆ తప్పు నూకరత్నం మీదికి తోసింది నేను. కాగితం ఎవరూ మార్చలేదు. ఎర్రన్న ఎప్పుడూ మాట తప్పలేదు.

రాసేశాను. చెయ్యి నొప్పిగా ఉంది. గుండె తేలిగ్గా ఉంది.