తుడిస్తే పైకి తుడవాలి

నా చిన్నప్పుడు మా తాత ఏడవకుండానే రోజంతా కన్నీళ్ళు కార్చేవాడు. ఆయన కుడి కంటి కింది రెప్ప వదులై బయటికి తిరిగిపోయి, లోపలి ఎరుపంతా కనబడేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషికి ఇంతకన్నా తంటా ఇంకేముంటుంది? చుక్క పడితే పట్టు మీద మరకే. అందుకని భుజం మీది తువాలుతో కంటి నుంచి గడ్డం దాకా ఒకే గుంజు గుంజి తుడుచుకునేవాడు.

మా ఇంట్లో చేసిన వైద్యం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నీళ్ళు కారుతున్నాయి కాబట్టి కన్ను ఆరాలట! అవ్వ సాంబ్రాణి పొగ పట్టేది. నాయన ఎండలో కూర్చోబెట్టేవాడు. మా సీమ ఎండ, దుమ్ము గాలి చాలనట్టు! కన్ను ఇంకా ఎర్రబడింది. కొన్నాళ్ళకు తాతకు పోగులు మసకబారాయి.

పక్కింటి అక్క నర్సు. సెలవుకు వచ్చి, ఆ పొగ చూసి మండిపడింది. మగ్గం దగ్గరికి వచ్చి అడిగింది.

"తాతా, మగ్గం మీద పడుగు దారాలు వదులైతే కిందికి గుంజుతావా?"

"ఎవురన్నా గుంజుతారా? బిగిస్తాం."

"మరి ఆ రెప్పనేంటికి పొద్దస్తమానం కిందికి గుంజుతాండావు? రెప్ప కంటికి ఆనుకోక నీళ్ళన్నీ బయటికి పోతాండాయి. లోపల కన్ను ఎండిపోతాండాది!"

తువాలు లాక్కుని మెత్తటి గుడ్డ చేతికిచ్చింది. మెల్లగా, కింది నుంచి పైకి, ముక్కు వైపు అద్దాలంది. డాక్టరు దగ్గర మందు రాయించుకోవాలని, రెప్ప బిగించే ఆపరేషన్ తొందరగా చేయించుకోవాలని చెప్పింది. కాపలాకు నన్ను కూర్చోబెట్టి పోయింది.

"పైకి తాతా, పైకి!" అని అరిచీ అరిచీ నా గొంతు పోయింది. తిట్టుకుంటూనే పైకి తుడిచేవాడు. ఆపరేషన్ మాట ఎత్తితే మాత్రం, "ఈ చీర కోసినాక పోదాంలేమ్మా" అనేవాడు. ఆ చీర మగ్గం నుంచి కోసేవాడు, ఇంకోటి ఎక్కేది. ఏం మనిషప్పా! అలా ఏడాది గడిచింది.

ఆఖరికి ఆపరేషన్‌కు పోయాడు. రెప్ప బిగిసింది, నీళ్ళు ఆగాయి. కానీ అప్పటికే నల్లగుడ్డు ఎండి మచ్చ పడింది. ఇంకాస్త ముందు రావాల్సింది అన్నాడు డాక్టరు. తాత ఆ తర్వాత ఒంటికన్నుతోనే అంచులు నేశాడు. అక్క మాత్రం మా ఇంటికొచ్చి ఒక మూల కూర్చుని ఏడ్చింది.

ఇప్పుడు నా రెప్పా వదులైంది. గుడ్డ తీస్తే చెయ్యి దానంతటదే పైకి పోతుంది. మొన్న కోడలు ఆసుపత్రికి పోదామంటే, "ఈ చీర కోసినాక పోదాంలే" అన్నాను. అచ్చం తాత మాటే! నా మీద నాకే మండుకొచ్చింది. సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలి, చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను.