మా అరుగు మీద మరియమాత

మా తాత ఎవరినీ ఓటు అడగలేదు. నాన్నా అడగలేదు. సర్పంచి పదవి మా ఇంటికి నడిచి వచ్చేది. కథలాపూర్ వైపు పొలాలు పోయాయి, మేముండే కోటలాంటి పాత గడి సగం కూలింది. అయినా మా తమ్ముడికి ఈసారి పోటీ లేకుండా సర్పంచి కావాలని ఆశ. అడ్డు నిలబడింది ఒక్కతే, క్రైస్తవుల వాడలో బీడీలు చుట్టే ఆమె.

ఆ వాడలోని క్యాథలిక్ కుటుంబాలకు ఒక పద్ధతి ఉంది. మరియమాత బొమ్మ ఇంటింటికీ తిరుగుతుంది. అది ఉన్న ఇంట్లో సాయంత్రం చాపలు పరిచి ప్రార్థన చేస్తారు. తర్వాత వరుసగా అందరూ మాట్లాడతారు, నల్లా నీళ్ల గురించైనా సరే. మధ్యలో ఎవరూ అడ్డుపడకూడదు. ఇంటివాళ్ల వంతు చివరిది. ఆమెను పోటీకి నిలబెట్టిందీ అట్లా కూర్చునే.

నామినేషన్ వెనక్కి తీసుకునే గడువుకు ముందురోజు తమ్ముడు ఆ బొమ్మను మా ఇంటికి పిలిచాడు. వాడవాళ్లు బొమ్మతో మా వీధి మలుపు తిరగగానే, నుదుటి మీది కొండగట్టు అంజన్న సింధూరాన్ని రుమాలుతో తుడిచి, ఆ రుమాలు జేబులో కుక్కుకున్నాడు. అరుగు మీద కుర్చీలోంచి నేను చూశాను.

ప్రార్థన అయ్యి, చివరికి తన వంతు రాగానే తమ్ముడు చేతులు జోడించాడు.

"చెల్లే, రేపు విత్‌డ్రా చేసుకో. మీ గుడి సుట్టు గోడ నేను కట్టిస్త."

పుట్టి బుద్ధెరిగాక ఆ వాడలో ఎవరినీ చెల్లె అనని నోరు అది.

ఒక ముసలామె నవ్వింది. "గోడలెందుకు దొరా? గోడలున్న గడి ఎట్లయిందో సూస్తనే ఉన్నం గద!"

బీడీలామె తల అడ్డంగా ఊపింది. "నన్ను నిలవెట్టింది గీళ్లు. నేనొక్కదాన్నే ఎట్ల దిగుత?"

అందరూ లేచి చాపలు చుట్టుకున్నారు. "బొమ్మ మర్సిపోయిన్రు" అన్నాడు తమ్ముడు.

"వారం మీ ఇంట్లనే ఉంటది దొరా. రోజూ అస్తం."

ఒక్క పూట ముచ్చట అనుకున్నాడు. బొమ్మను పంపేస్తే ఆ వాడలో మొహం చూపలేడు. ఇక బీడీలామె ప్రచారమంతా మా అరుగు మీదే. ఏ గల్లీకి ఎవరు పోవాలి, కోరుట్లలో పనికి పోయినవాళ్లను ఓటుకు ఎవరు పిలవాలి, అన్నీ అక్కడే తేలేవి. తమ్ముడు లోపల తలుపేసుకుని వినేవాడు. పగలు మళ్లీ సింధూరం పెట్టుకుని పెద్ద వాడకు ఓట్లకు పోయేవాడు. గడప దాకా చెప్పులు, తంబాకు వాసన నాకు గిట్టలేదు, ఇప్పటికీ గిట్టవు. కానీ వాళ్లలో ఎవరూ మొహం తుడుచుకుని రాలేదు.

చివరి సాయంత్రం బొమ్మను ఎత్తుకోబోతూ ముసలామె ఆగింది. "దొరసానీ, ఇంటోళ్ల వంతు మిగిలింది."

నేను కుర్చీలోంచి లేవలేదు. "బొట్టు తుడుసుకున్నోనికి నా ఓటు లేదు. మీకే ఏస్త. మీ మీద ప్రేమ ఉండి కాదు."

బీడీలామె బొమ్మకు కొంగు కప్పుతూ అంది: "ప్రేమ ఎవలడిగిన్రు దొరసానీ? ఓటు చాలు."