పోగులక్క ఇంగ్లీషు పరీక్ష

నేత మిల్లులో తెగిన పోగును ఆమె అంత వేగంగా ముడివేసేవాళ్లు లేరు. అందుకే అందరూ ఆమెను పోగులక్క అనేవారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు వినగానే ఆమె చెవుల వంక చూసేవారు. అక్కడ పోగులూ లేవు, దుద్దులూ లేవు. "పేరుకే పోగులు" అని తనే నవ్వేసేది. ఆ చెవులు సరిగ్గా పనిచేయడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

పదిహేడేళ్లు మరమగ్గాల మధ్య నిలబడిన మనిషి. ఆ రొదలో పక్కనున్నవాళ్లు అరిచినా వినపడదు కాబట్టి మిల్లులో అందరూ పెదవుల కదలిక చూసే మాట్లాడుకుంటారు. ఏళ్లు గడిచేకొద్దీ వినికిడి తగ్గిపోయినా పనిలో ఆమెకు ఏ లోటూ రాలేదు. ఇంట్లోనే బయటపడింది. వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకడం లేదని భర్త మొదట కోప్పడ్డాడు, తర్వాత భయపడ్డాడు.

"ఈ మాట మన గడప దాటకూడదు. తెలిసిందంటే ఒక్క రోజు కూడా ఉంచరు నిన్ను" అన్నాడు.

ఆ భయం ఉత్తిది కాదు. పక్క వరుసలో పనిచేసే ఒక పెద్దాయనను, ప్రమాద గంట వినపడలేదని మర్నాడే ఇంటికి పంపేశారు.

మిల్లుకు కొత్త యంత్రాలు వచ్చాయి. వాటి మీద హెచ్చరికలన్నీ ఇంగ్లీషులోనే. ఇకపై ఇంగ్లీషు పరీక్ష నెగ్గినవాళ్లకే మేస్త్రీ పని ఇస్తామన్నారు. ఆ వరుసలో మేస్త్రీ కావలసింది పోగులక్కే. పని దిగాక క్యాంటీనులో క్లాసులు మొదలయ్యాయి.

అక్కడ మగ్గాల రొద లేదు. అందరికీ అన్నీ వినపడుతున్నాయి, ఆమెకు తప్ప. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూనే "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగింది. తనవైపు తిరిగిన మొహాలు చూసి, తననే ఏదో అడిగారని గ్రహించిన పోగులక్క "యెస్" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. వారం తిరిగేసరికి ఆమెను వెనక వరుసలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి టీచరు పెదవులు కనపడటమే గగనమైంది.

అయితే టీచరుకు ఒక సంగతి అంతుపట్టలేదు. నోటితో అడిగితే అన్నీ తప్పులు, నోటుబుక్కులో అన్నీ ఒప్పులు. చూసి రాస్తోందేమో అనుకుంది. ఒకరోజు వెనక వంటగదిలో పళ్లాల దొంతర దభేలున కూలింది. క్లాసంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. పోగులక్క ఒక్కతే తల వంచుకుని రాసుకుంటూ ఉంది.

క్లాసయ్యాక టీచరు ఆమెకు ఎదురుగా కూర్చుంది. "అక్కా, మీకు వినపడదా?"

పోగులక్క చేతులు జోడించింది. "ఎవరితోనూ అనకండి టీచరుగారూ. మీకు దణ్ణం పెడతాను."

"అనను. కానీ ఇన్నాళ్లూ నేను గోడతో మాట్లాడి మీకు మార్కులు తగ్గించాను. అది నా తప్పు."

మర్నాటి నుంచి కుర్చీలన్నీ గుండ్రంగా వేయించింది. మాట్లాడేటప్పుడు బోర్డు వైపు తిరగడం మానేసింది. ఎవరు జవాబు చెప్పినా తలెత్తి, అందరికీ మొహం కనపడేలా చెప్పాలంది. "ఇదేంటి, చిన్నపిల్లల ఆటలాగా" అని కొందరు సణిగారు.

క్లాసు బాగుపడింది గానీ పరీక్ష మారలేదు. అందులో ఒక భాగం స్పీకరు పెట్టెలోంచి వచ్చే గొంతు విని రాయాలి. వినపడనివాళ్లకు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చదివించే మినహాయింపు ఉంది, కానీ కారణం రాసి దరఖాస్తు పెట్టాలి. దాని మీద మేనేజరు సంతకం కావాలి.

"వద్దు టీచరుగారూ. ఫెయిలైతే పోగులక్కగానే మిగులుతాను. ఆ సంతకం అడిగితే అది కూడా మిగలదు" అంది.

పరీక్ష రోజు మేనేజరు గుమ్మంలోనే నిలబడ్డాడు. పెట్టె మోగడం మొదలైంది. చుట్టూ కలాలు కదలడం చూసి పోగులక్కకు ఆ సంగతి తెలిసింది. ఆమె పెట్టె వంకే చూసింది. దానికి పెదవుల్లేవు. ఒక ప్రశ్న దాటిపోయింది, రెండోదీ దాటింది. మిల్లులో పక్క మగ్గం నడిపే ఆయన, ఇక్కడా పక్కనే కూర్చున్నవాడు, తన కాగితాన్ని మెల్లగా ఆమె వైపు జరిపాడు. జవాబులు స్పష్టంగా కనపడుతున్నాయి. కళ్లు తిప్పేసుకుంది. మూడో ప్రశ్న దగ్గర కలాలు మళ్లీ కదిలేసరికి లేచి నిలబడింది.

"ఆపండి సార్. నాకు వినపడట్లేదు."

"సౌండు పెంచమంటారా?" అంటూ పరీక్షాధికారి చేత్తో మీట తిప్పినట్టు చూపించాడు.

"పెంచినా ఉపయోగం లేదు సార్. నాకు చెవుడు. ఇంగ్లీషు రాక కాదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగించండి, పెదవులు చూసి రాస్తాను."

గదిలో ప్రతి పెదవీ ఆగిపోవడం ఆమె చూసింది.

"అలా ఇప్పటికిప్పుడు కుదరదమ్మా" అన్నాడాయన.

టీచరు ముందుకొచ్చింది. "కుదురుతుంది సార్. మేనేజరుగారు సంతకం చేస్తే పరీక్ష రోజున కూడా మినహాయింపు ఇవ్వొచ్చని రూల్సులో ఉంది. దరఖాస్తు ఇదిగో." దాన్ని ఆమె ఎప్పుడు రాసి పెట్టుకుందో పోగులక్కకు తెలియదు. పేరు రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది.

పోగులక్క ఆ కాగితం తీసుకుని తన పేరు రాసింది. మేనేజరు దగ్గరికి వెళ్లి చేతికిచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"ఆరేడేళ్ల నుంచి సార్."

"అంటే ఇన్నేళ్లూ మమ్మల్ని మోసం చేశావన్నమాట."

ఆమె చూపు తిప్పుకోలేదు. "ఇది నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు సార్. మీ మగ్గాల దగ్గరే వచ్చింది."

మేనేజరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అంతలో ఆ పక్క మగ్గం ఆయన లేచాడు. "నాకూ ఎడమ చెవి పోయింది సార్." కిటికీ దగ్గర ఇంకొకామె కూడా చేయెత్తింది. మేనేజరు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. చివరికి కాగితాన్ని గోడకు ఆనించి సంతకం చేశాడు. "పరీక్షయ్యాక ఆఫీసుకు రండి, ముగ్గురూ" అన్నాడు.

పరీక్షాధికారి ప్రశ్నలు చదవబోయాడు. పోగులక్క ఇబ్బందిగా, "సార్, మీ మీసాల్లో పెదవులు కనపడట్లేదు" అంది. ఆ ఉద్రిక్తతలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. పాఠం చెప్పిన టీచరు చదవకూడదు కాబట్టి మిల్లు నర్సును పిలిపించారు. నర్సు ఎదురుగా కూర్చుని నిదానంగా చదివింది. ఆ భాగంలో ఇరవైకి పదిహేను వచ్చాయి, పరీక్ష నెగ్గింది.

ఆ ఫలితం చేతికందే దాకా గడిచిన మూడు వారాలు మాత్రం నరకమే. ఆఫీసులో ముగ్గురినీ పనిలోంచి తీసేయలేదు గానీ, చెవులు పరీక్ష చేయించాకే ఏ సంగతైనా తేలుస్తామన్నారు. గడప దాటకూడదన్న మాటను నలుగురిలో చెప్పినందుకు భర్త రెండు రోజులు పలకలేదు. మూడో రోజు చెవుల డాక్టరు దగ్గరికి తనే వెంట వెళ్లాడు. మగ్గాల హాల్లో అందరికీ పరీక్షలు చేయిస్తే పదకొండు మందికి వినికిడి పోయిందని తేలింది. అంతమందిని తీసేస్తే మగ్గాలు నడిపేదెవరు? ప్రమాద గంటకు తోడు ఎర్రదీపాలు బిగించారు, చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు పంచారు.

పోగులక్కను మేస్త్రీని చేశారు, ఆరు నెలలు చూస్తామన్న షరతు మీద. ఆ ఆరు నెలలూ మేనేజరు రోజూ ఆమె వరుస దగ్గర ఆగి తప్పు కోసం వెతికేవాడు. ఏడో నెల నుంచి ఆగడం మానేశాడు.