ఇంకా వెంట్రుకవాసి

మా మావయ్యకి వయొలిన్ శ్రుతి చేయడం మొదలుపెట్టడం తెలుసు గానీ ఆపడం తెలియదు. ఈ మాట కోపంతో అనడం లేదు. పదమూడేళ్లు ఆయన పక్కన కూర్చుని డ్రమ్ములు వాయించినవాణ్ణి, చూసిందే చెబుతున్నాను. ఉత్సవంలో మా బృందానికి ఇచ్చేది అరగంట. అందులో పది నిమిషాలు ఆయన తీగలు బిగించే బిరడాలు తిప్పుతూ కూర్చుంటాడు.

ఉత్సవమంటే మరీ పెద్దదేం కాదు. ఏటా ఎండలు తగ్గాక రేవు పక్కన మూడు సాయంత్రాలు జరుగుతుంది. నీళ్ల అంచున చెక్కల స్టేజీ, దాని ముందు రెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు, వెనకాల పడవలు. టికెట్టు లేదు. టికెట్టు లేదు కాబట్టే జనం వస్తారు, టికెట్టు లేదు కాబట్టే నచ్చకపోతే మొహమాటం లేకుండా లేచిపోతారు. అలాంటివాళ్లను కూర్చోబెట్టాలంటే స్టేజీ ఎక్కగానే పాట అందుకోవాలి. మా మావయ్య బిరడా అందుకుంటాడు.

మేం నలుగురం. మావయ్యది గడియారాలు బాగుచేసే కొట్టు. అత్తయ్య పాడుతుంది. ఫ్లూటు వాయించేది బేకరీ ఆయన, ఆయన దగ్గరకొస్తే రాగానికంటే ముందు బన్ను వాసన వస్తుంది. నేను దర్జీని. ఊళ్లో అందరికీ టైము సరిచేసి ఇచ్చే మనిషి మా టైము మాత్రం మింగేస్తాడేమిటని బేకరీ ఆయన నాతో చాలాసార్లు వాపోయాడు.

మావయ్య పద్ధతి ఇది. వయొలిన్ భుజానికి ఆనించి, కమాను ఒక్కసారి లాగి, చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టి, "ఇంకా వెంట్రుకవాసి ఉంది" అంటాడు. మైకు ఆ మాటను రేవంతటికీ వినిపిస్తుంది. మళ్లీ తిప్పుతాడు, మళ్లీ లాగుతాడు, ఇంకా వెంట్రుకవాసి ఉంటుంది. తల మీద ఒక్క వెంట్రుకైనా లేని మనిషి నిండు సభలో పది నిమిషాల పాటు వెంట్రుక గురించి మాట్లాడుతుంటే జనం ఊరుకుంటారా? ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు. చేతిగడియారం ఆగిపోయినవాళ్లు కొట్టుకొచ్చి, "వెంట్రుకవాసిగారు ఉన్నారా?" అని చాలా మర్యాదగా అడుగుతారు. ఉన్నానండీ, కూర్చోండి అంటాడాయన.

సాకులకి ఆయన దగ్గర కొదవలేదు. నీటిగాలికి తీగ సాగిందంటాడు. లైట్ల వేడికి బిగుసుకుందంటాడు. ఒకసారి పడవ హారన్ మోగితే, దాని శ్రుతి వేరు, చెవిలోంచి అది పోయేదాకా ఆగాలని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది పోయేలోగా ఇంకో పడవ వచ్చింది. మరో ఏడాది, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ కార్యక్రమం అయ్యాక స్టేజీ దగ్గరికొచ్చి, మొదట్లో ఒక్కడివే వాయించావే, అది బావుంది నాయనా, తర్వాత మీరంతా కలిసి చేసిందే అంతగా రుచించలేదని చెప్పి వెళ్లింది. అత్తయ్య ఆ రాత్రి మావయ్యకి కూరలో ఉప్పు వేయలేదు.

నేను మొదటిసారి స్టేజీ ఎక్కిన ఏడాది సంగతి కూడా చెప్పాలి. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. కుర్చీల నిండా జనాన్ని చూసేసరికి చేతులు వణికి, కుడిచేతిలోని పుల్ల జారి, దొర్లుకుంటూ పోయి నీళ్లలో పడింది. సరిగ్గా అప్పుడే మావయ్య, "ఆగండి, శ్రుతి పోయింది" అని మొదలుపెట్టాడు. జనమంతా ఆయన్ని చూసి విసుక్కునే పనిలో ఉన్నారు గనక నన్నెవరూ గమనించలేదు. బేకరీ ఆయన సంచీలోంచి చెక్క గరిటె తీసి ఇచ్చాడు, దాంతోనే వాయించాను. ఎంత అదృష్టవంతుణ్ణో అనుకున్నాను.

ఇంకో విచిత్రం ఉంది. మేం సాధన చేసేది ఆయన కొట్టులోనే, నలభై గడియారాల మధ్య. అక్కడ మాత్రం ఆయన శ్రుతి అర నిమిషంలో కుదిరిపోతుంది. అందుకే నేనొక నిర్ణయానికొచ్చాను. మావయ్యకి జనమంటే మోజు. ఏడాదికొక్కసారి రెండు వందలమంది ఎదురుగా కూర్చుంటే ఆ ఒడ్డున ఇంకాసేపు ఒంటరిగా వెలగాలనిపిస్తుంది. ఈ సంగతి బేకరీ ఆయనకి చెబితే ఆయనా తలూపాడు. ఇద్దరం కలిసి ఆయనకి శ్రుతి చూసే చిన్న మిషన్ కొనిచ్చాం. తీగ సరిగ్గా ఉంటే పచ్చలైటు వెలుగుతుంది. ఆ ఏడాది స్టేజీ మీద పచ్చలైటు మూడో నిమిషంలోనే వెలిగింది. మావయ్య దాన్ని కాసేపు జాలిగా చూసి, "పాపం, దీనికి జలుబు చేసింది" అని జేబులో పెట్టేసుకున్నాడు.

చివరికి ఉత్సవం కార్యదర్శిగారి ఓపిక నశించింది. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు, ఇప్పటికీ మెళ్లో ఈల వేసుకునే తిరుగుతారు. ఒకరోజు కొట్టుకొచ్చి, ఈసారి నుంచి కొత్త రూలు పెట్టామని చెప్పారు. ఏ బృందమైనా స్టేజీ ఎక్కిన రెండు నిమిషాల్లో పాట మొదలుపెట్టాలి. లేకపోతే ఈల వేసి దింపేస్తారు, మళ్లీ ఎప్పటికీ పిలవరు. రూలు అందరికీనని ఆయన అన్నారు గానీ చూపు మాత్రం మావయ్య బట్టతల మీదే ఉంది. మావయ్య భూతద్దం కంటికి పెట్టుకుని ఎవరిదో గడియారంలోకి దూరిపోయాడు.

నాకు భయం వేసింది. అత్తయ్య ఏడాదంతా బట్టలు ఉతుకుతూ, అన్నం వారుస్తూ సాధన చేసేది ఆ అరగంట కోసమే. అది పోతే ఆవిడకి ఇంకో స్టేజీ లేదు. ఈ ఒక్కసారికి రెండు నిమిషాల్లో ముగించమని మావయ్యని బతిమాలాను. చూద్దాంలేరా అన్నాడు. ఆ మాటంటే ఆయన నిఘంటువులో కుదరదని అర్థం.

ఉత్సవం పదిరోజులుందనగా ఇస్త్రీపెట్టె జారి నా కుడి అరచెయ్యి కాలింది. కట్టు కట్టారు, పుల్ల పట్టుకునే ప్రశ్నే లేదు. నా బదులు బడిలో బ్యాండు నేర్పే మాస్టారు ఒప్పుకున్నారు. పదమూడేళ్లలో మొదటిసారి నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అనుభవం ఉన్నవాణ్ణి కదా, మెత్తటి దిండూ పల్లీల పొట్లం కూడా తెచ్చుకున్నాను. పక్క కుర్చీలవాళ్లు, వెంట్రుకవాసి బృందం ఎక్కుతోంది, ఈలోగా ఐస్‌క్రీమ్ తెచ్చుకుందామని లేచారు. కార్యదర్శిగారు ఈల నోట్లో పెట్టుకుని, చేతిగడియారం వైపు చూస్తూ నిలబడ్డారు.

మావయ్య వయొలిన్ భుజానికి ఆనించాడు. నాలుగు తీగలూ ఒక్కసారి మీటాడు. తల ఊపాడు. అత్తయ్య పాట అందుకుంది.

పల్లీ నా నోటి దగ్గరే ఆగిపోయింది. ఐస్‌క్రీమ్ కోసం వెళ్లినవాళ్లు పరుగెత్తుకొచ్చారు. కార్యదర్శిగారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందో లేదో విన్నారు. దాన్ని బాగుచేసింది మావయ్యే గనక ఆయనకి ఇంకా అనుమానం తీరలేదు. అరగంటలో ఆరు పాటలు పాడారు. అంతకుముందు ఎప్పుడూ నాలుగు దాటింది లేదు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు మమ్మల్ని నవ్వులపాలు చేసి, నేను లేనినాడు పద్ధతిగా మొదలుపెడతాడా? కార్యక్రమం అవగానే స్టేజీ వెనక్కి వెళ్లాను. మావయ్య వైర్లు చుట్టడానికి వెళ్లాడు, అత్తయ్య ఒక్కతే తాళ్ల చుట్ట మీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. నా నోటికొచ్చినదంతా ఆవిడ ముందు కక్కేశాను. ఆయనకి వేషాలెక్కువని కూడా అన్నాను.

అత్తయ్య సీసాకి మూత పెట్టింది. "ఒరే, ఆయన శ్రుతి ఇంట్లోనే చేసుకుని బయల్దేరతాడు. ఇక్కడిదాకా వచ్చేసరికి అది ఎక్కడికీ పోదు."

"మరి స్టేజీ మీద చేసేదేంటి?"

"నీ చేతులు చూస్తుంటాడు."

నాకర్థం కాలేదు. అత్తయ్య నా కట్టు మీద చెయ్యి వేసింది. "నీ పుల్ల నీళ్లలో పడిందే, ఆ రోజు నుంచీ అంతే. నీ చేతులు వణకడం ఆగేదాకా ఆయనకి శ్రుతి కుదరదు. ఒక్కోసారి అయిదు నిమిషాలకి ఆగుతుంది, ఒక్కోసారి పదికి. చెబితే నీకు వణుకు ఇంకా ఎక్కువవుతుందని నన్నూ చెప్పనివ్వలేదు. ఇవాళ నువ్వు ఆయన్ని అంటుంటే నావల్ల కాలేదు."

తాళ్ల చుట్ట మీద ఆవిడ పక్కనే చతికిలబడ్డాను. నాకు చాలా సిగ్గేసింది. ఊరంతా ఆయన్ని చూసి నవ్వుతుంటే వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. మిషన్ కూడా కొనిచ్చాను.

మావయ్య వైర్ల చుట్ట భుజాన వేసుకుని వచ్చాక సంగతి అడిగేశాను. ఆయన అత్తయ్య వైపు ఒక చూపు చూసి, ఎవరో ఏదో అంటే నమ్మేయడమేనా, ఇవాళ గాలి లేదు, అందుకే తీగలు మాట విన్నాయని కొట్టిపారేశాడు. ఆయన భుజం మీది వైర్లు మాత్రం గాలికి ఊగుతున్నాయి.

మరుసటి ఏడు నా చెయ్యి పూర్తిగా నయమైంది. వణుకు నయం కాలేదు. స్టేజీ ఎక్కి జనాన్ని చూడగానే పుల్లలు రెండూ నా చేతుల్లో గిలగిల్లాడటం మొదలుపెట్టాయి. కార్యదర్శిగారు కింద ఈలతో సిద్ధంగా ఉన్నారు. మావయ్య కమాను లాగి, "ఇంకా వెంట్రుకవాసి ఉంది" అన్నాడు. జనం హమ్మయ్య, మన మనిషే అన్నట్టు నవ్వారు.

ఈసారి నేను ఆయన కళ్లనే చూశాను. తీగ వైపు చూస్తున్నాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ చూపు తీగ మీద లేదు, వయొలిన్ అంచు దాటి నా మోచేతుల మీద ఉంది. ఒక నిమిషం అయింది. ఒకటిన్నర అయింది. అత్తయ్య మెడ నరాలు బిగుసుకున్నాయి. కార్యదర్శిగారి బుగ్గలు ఉబ్బాయి. మావయ్య తీరిగ్గా ఇంకో బిరడా పట్టుకున్నాడు. ఉత్సవం పోయినా సరే, నన్ను వణికే చేతులతో వదిలేసేలా లేడు.

"మావయ్యా, చాలు, కుదిరింది" అన్నాను.

"లేదురా, ఇంకా ఉంది."

"ఉంటే ఉండనీ" అని, వణికే చేతులతోనే పుల్లలు డ్రమ్ము మీద పెట్టేశాను.

పుల్లలు వాటంతటవే టకటకటకమని మోగాయి. అలాంటి మొదలు మేమెప్పుడూ సాధన చేయలేదు. బేకరీ ఆయన ఉలిక్కిపడి ఫ్లూటులోకి ఊదాడు, అదృష్టం బావుండి అది సరైన స్వరమే అయింది. అత్తయ్య అందుకుంది. జనం ఇదేదో కొత్త బాణీ అనుకుని చప్పట్లు కొట్టారు. కార్యదర్శిగారి నోట్లోంచి ఈల జారి మెళ్లో వేలాడింది, కాసేపటికి ఆయన దాంతోనే కుర్చీ మీద తాళం వేయడం చూశాను. రెండో చరణానికి నా వణుకు దానంతటదే ఆగింది.

దిగాక మావయ్య వయొలిన్‌ని పెట్టెలో పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పుతున్నాడు. వెళ్లి పక్కన నిలబడి, ఎలా వాయించానని అడిగాను.

"బానే ఉంది. మొదట్లోనే కాస్త తేడా వచ్చింది."

"ఎంత?"

మావయ్య పెట్టె మూసి, బట్టతల ఒకసారి నిమురుకున్నాడు.

"వెంట్రుకవాసి."